చావుల లెక్కలో కులం ఏది? తనకల్లు నుంచి దేశాల ‘సమర్థత’ను చూస్తే

2025లో మూడు వారాల వ్యవధిలో మూడు సంగతులు జరిగాయి. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని ఏప్రిల్ 30న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2021 సంవత్సరపు జనన మరణాల నమోదు నివేదిక మూడేళ్లకు పైగా ఆలస్యమై మే మొదటి వారంలో బయటికి వచ్చింది. మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. మూడూ వార్తల్లో వేర్వేరు పేజీల్లో వచ్చాయి. మొదటిది రాజకీయం, రెండోది గణాంకం, మూడోది విదేశాంగం అనుకుని పక్కన పెట్టేశాం.

మూడింటినీ కలిపే ప్రశ్న ఒకటి ఉంది. మహమ్మారి వచ్చినప్పుడు ఏ దేశం ఎంత సమర్థంగా పనిచేసిందో ఎలా కొలవాలి? ఈ ప్రశ్న మీద 2020 నుంచి గుట్టల కొద్దీ పరిశోధన పత్రాలు వచ్చాయి. సూచీలు, ర్యాంకులు, స్కోర్లు వచ్చాయి. రేపు ఇంకో మహమ్మారి వస్తే డబ్బు ఎవరికి ఇవ్వాలి, ఏ దేశాన్ని ఆదర్శంగా చూపాలి అనేది ఈ కొలతల మీదే ఆధారపడుతుంది. అందుకే దీన్ని నిపుణులకు వదిలేయలేం.

మేము ఈ ప్రశ్నను జెనీవా నుంచి కాకుండా తనకల్లు నుంచి చూడాలనుకున్నాం. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న కరువు మండలం. ఇక్కడి నుంచి చూస్తే మొదట కనిపించేది ఇది: చావులను సరిగ్గా లెక్కపెట్టని దేశానికి, ఆ చావులు ఏ వాడలో జరిగాయో చెప్పని దేశానికి ‘సమర్థత’ మార్కులు వేయడం కుదరదు. వేస్తే అవి అబద్ధపు మార్కులు.

పెట్టుబడి ఎంత, దిగుబడి ఎంత

సమర్థత అనే మాట ఆర్థికశాస్త్రంలో చాలా సాదా మాట. పెట్టింది ఎంత, వచ్చింది ఎంత అనే నిష్పత్తి. వేరుశనగ పండించే ప్రాంతం కాబట్టి ఆ లెక్కలోనే చెప్పుకుందాం. ఇద్దరు రైతులు ఒకే రకం నేలలో చెరి రెండు బస్తాల విత్తనం వేశారు. ఒకరికి పది బస్తాల కాయ వచ్చింది, ఇంకొకరికి ఎనిమిది. మొదటి రైతును ప్రమాణంగా పెట్టుకుని ఆయనకు 1 మార్కు వేస్తే, రెండో రైతుకు 0.8 వస్తుంది.

ఈ ఆలోచనను 1957లో ఫారెల్ అనే ఆర్థికవేత్త ముందుకు తెచ్చాడు. 1978లో చార్నెస్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు దాన్ని గణిత పద్ధతిగా మలిచారు. దాని పేరు డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్. బ్యాంకులు, బడులు, ఆసుపత్రులు, చివరకు దేశాల దాకా ఈ పద్ధతితో కొలుస్తున్నారు. కరోనా కాలంలో పరిశోధకులు దీన్నే తీసుకున్నారు. పెట్టుబడి వైపు డాక్టర్లు, పడకలు, ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు. దిగుబడి వైపు కోలుకున్నవాళ్లు, చేసిన పరీక్షలు, తప్పిన మరణాలు. అందరికంటే బాగా చేసిన దేశాలు సరిహద్దు గీత మీద ఉంటాయి. మిగతావి ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నాయో అంత తక్కువ మార్కు.

పద్ధతిలో తప్పు లేదు. తిరకాసు తూకంలో ఉంది. రెండో రైతు కాయను తూచిన కాటా దొంగ కాటా అయితే ఏమవుతుంది? ఎనిమిది బస్తాలు పన్నెండుగా కనిపిస్తాయి. అప్పుడు ఆయనే ఆదర్శ రైతు. మొదటి రైతు ఆయన దగ్గర నేర్చుకోవాలని చెబుతారు.

మన దేశంలో వెయ్యి మందికి ఒక్క ప్రభుత్వ ఆసుపత్రి పడక కూడా లేదు. ఆరోగ్యం మీద ప్రభుత్వాలు పెట్టే ఖర్చు మహమ్మారికి ముందు చాలాకాలం జాతీయోత్పత్తిలో ఒకటిన్నర శాతం లోపే తిరిగింది. అంటే పెట్టుబడి తక్కువ. దానికి తోడు అధికారిక మరణాల సంఖ్య కూడా తక్కువ. పెట్టుబడి తక్కువ, నష్టం తక్కువ అయితే ఈ పద్ధతి ప్రకారం అది సమర్థమైన దేశమే! ఆసుపత్రులు కట్టకపోవడమూ, చావులు లెక్కపెట్టకపోవడమూ రెండూ కలిసి మార్కులు పెంచుతాయి. పేద దేశాలు ఈ పట్టికల్లో వింతగా పైకి రావడానికి ఒక కారణం ఇదే.

ర్యాంకులు చెప్పనివి

2019 అక్టోబరులో, కరోనాకు రెండు నెలల ముందు, ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీ వచ్చింది. 195 దేశాల సన్నద్ధతను కొలిచింది. అమెరికాకు మొదటి స్థానం, బ్రిటన్‌కు రెండో స్థానం, భారత్‌కు 57వ స్థానం. తర్వాతి రెండేళ్లలో అమెరికా, బ్రిటన్‌లలో ఏం జరిగిందో చూశాం.

2021 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన లోవీ ఇన్‌స్టిట్యూట్ 98 దేశాల పనితీరుకు ర్యాంకులిచ్చింది. న్యూజిలాండ్ మొదటిది, వియత్నాం రెండోది. భారత్ 86, అమెరికా 94. ఆ ర్యాంకులు వచ్చిన రోజుల్లోనే మన ప్రభుత్వం కరోనాను గెలిచామని చెప్పుకుంటోంది. మూడు నెలలు గడవకముందే సెకండ్ వేవ్ వచ్చింది.

ఇంకో కొలత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల కఠినత సూచీ. బడులు మూయడం, రవాణా ఆపడం, జనాన్ని ఇళ్లలో ఉంచడం వంటివాటికి 0 నుంచి 100 దాకా మార్కులు. 2020 మార్చి చివర్లో భారత్‌కు 100కు 100 వచ్చాయి. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి చెప్పి అర్ధరాత్రి నుంచి దేశాన్ని మూసేసినందుకు వచ్చిన మార్కులు అవి. బెంగళూరులో కట్టడం పనికి పోయిన కూలీ ఎన్ని కిలోమీటర్లు నడిచాడో ఆ సూచీలో ఉండదు. వలస కూలీల మరణాలపై తమ దగ్గర సమాచారం లేదని 2020 సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటుకే చెప్పింది. కఠినతకు నూటికి నూరు వచ్చిన దేశంలో, ఆ కఠినతకు బలైనవాళ్ల వరస ఖాళీగా మిగిలింది.

2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 177 దేశాల లెక్కలు చూసింది. ముందస్తు సన్నద్ధత సూచీలకు, తర్వాత జరిగిన నష్టానికి పెద్దగా సంబంధం లేదని తేల్చింది. సంబంధం కనిపించింది దేనితో? ప్రభుత్వం మీద జనానికి ఉన్న నమ్మకంతో, మనుషుల మధ్య ఉన్న నమ్మకంతో. కులం చొప్పున ఊరు, వాడ విడిపోయిన సమాజంలో మనుషుల మధ్య నమ్మకం అనే మాటకు అర్థం ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. భౌతిక దూరాన్ని సామాజిక దూరం అని పిలిచిన రోజుల్లో ఆ మాట వాడల్లో ఎలా వినిపించిందో గుర్తుంది.

దొంగ కాటా

ఇక దిగుబడి వైపు చూద్దాం. 2021 చివరికి భారత్‌లో కరోనా మరణాలు 4.81 లక్షలని ప్రభుత్వం చెప్పింది. 2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంచనా ప్రకటించింది. 2020, 2021 రెండేళ్లలో భారత్‌లో మామూలు కంటే అదనంగా జరిగిన మరణాలు 47 లక్షలు. ప్రపంచం మొత్తం మీద 1.49 కోట్లు. అంటే ప్రతి మూడింటిలో ఒకటి మనదే. అంచనా వేసిన పద్ధతి తప్పని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మా దగ్గర నమోదు లెక్కలు ఉన్నాయని వాదించింది.

ఆ నమోదు లెక్కలే చూద్దాం. 2019లో దేశంలో నమోదైన మరణాలు 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల. ఇందులో నమోదు మెరుగుపడటం వల్ల పెరిగినవి కొన్ని ఉంటాయి, జనాభా పెరుగుదల వల్ల కొన్ని ఉంటాయి. అవన్నీ తీసేసినా, 2021లో ప్రభుత్వం చెప్పిన కరోనా మరణాల కంటే ఇది చాలా రెట్లు ఎక్కువ. ఈ నివేదికను 2025 దాకా ఆపి ఉంచారు.

ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకా స్పష్టం. 2021 మే నెలలో రాష్ట్రంలో నమోదైన మరణాలు దాదాపు 1.3 లక్షలని పౌర నమోదు వివరాలు తీసి జర్నలిస్టులు అప్పుడే రాశారు. మామూలు మే నెలతో పోలిస్తే అది దాదాపు ఐదు రెట్లు. అదే నెలలో కరోనా మరణాలుగా రాష్ట్ర ప్రభుత్వం చూపినవి మూడు వేల లోపు. మొత్తం మహమ్మారి కాలానికి రాష్ట్ర అధికారిక లెక్క 14,733 దగ్గర ఆగిపోయింది.

చావు లెక్కలోకి రావాలంటే ముందు పరీక్ష జరగాలి, పాజిటివ్ రావాలి, లేదా ఆసుపత్రిలో డాక్టర్ నిర్ధారించాలి. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో 45 శాతం ఏ వైద్యమూ అందకుండా జరిగినవే. డాక్టర్ కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతం. ఇంట్లో దగ్గుతూ, ఎగశ్వాసతో పోయిన మనిషి ఏ జబ్బుతో పోయాడో రాసేవాళ్లు లేరు. మరణ ధ్రువపత్రంలో మరణించిన తేదీ ఉంటుంది. మరణించిన తీరు ఉండదు.

ఈ లెక్క బయటపడింది నష్టపరిహారం దగ్గర. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు కరోనా మృతుల కుటుంబాలకు పరిహారం నిర్ణయించమని ఆదేశించింది. 50 వేల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఖరారైంది. 2022 జనవరి నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దరఖాస్తులు 36 వేలకు పైనే. అప్పటికి రాష్ట్రం ఒప్పుకున్న మరణాలు 14 వేల పైచిలుకు. తెలంగాణలో ఒప్పుకున్నవి నాలుగు వేల లోపు, వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. చెల్లింపుల్లో జాప్యం మీద ఆంధ్రప్రదేశ్, బిహార్ ప్రధాన కార్యదర్శులను కోర్టు పిలిపించి మందలించింది. తమ ఇంట్లో చావును రుజువు చేసుకోగలిగినవాళ్లే ఇంతమంది. కాగితం లేనివాళ్లు, దరఖాస్తు సంగతే తెలియనివాళ్లు ఇందులో లేరు.

నిజం చెప్పిన దేశానికి ఏమవుతుందో కూడా చూడాలి. 2021 మే 31న పెరూ ప్రభుత్వం తన లెక్క తప్పని ఒప్పుకుంది. మృతుల సంఖ్యను 69 వేల నుంచి 1,80,764కు సవరించింది. మర్నాటికి జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోనే అత్యధిక మరణాల దేశంగా పెరూ పేరు మోగింది. అన్ని పట్టికల్లో అట్టడుగుకు పోయింది. దొంగ కాటా వాడిన దేశాలు పైనే ఉన్నాయి. కొలతలో నిజాయితీకి మార్కులు లేకపోతే జరిగేది ఇదే.

తనకల్లు దూరాలు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. అది కూడా ఏటా పడదు. వేరుశనగ పోతే బోరు, బోరు పోతే వలస. తనకల్లు, తలుపుల, నల్లచెరువు, కదిరి వైపు నుంచి బెంగళూరికి, కేరళకు కూలికి పోవడం తరాల నాటి సంగతి. భూమి లేని దళితులు, తండాల్లోని సుగాలీలు ముందు పోతారు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు.

ఇలాంటి మండలంలో మహమ్మారి ‘సమర్థత’ అంటే ఏమిటో దూరాల్లో చూడొచ్చు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న అనంతపురం వంద కిలోమీటర్లకు పైనే. దారిలో బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. 2020లో దాన్ని కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. దళితుల మధ్య పనిచేయడానికి వచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థ కట్టిన ఆసుపత్రి అది. జిల్లా భారంలో పెద్ద వాటా మోసింది. దేశాల లెక్కలో దీన్ని ప్రభుత్వ పెట్టుబడిగా రాయరు, ఫలితం మాత్రం ప్రభుత్వ ఖాతాలో పడుతుంది.

వలస పోయిన మనిషి బెంగళూరులో జబ్బు పడి ఊరికి వచ్చి పోతే, ఆ చావు ఎవరిది? జబ్బు కర్ణాటకలో, మరణం ఆంధ్రలో, పరీక్ష ఎక్కడా లేదు. రెండు రాష్ట్రాల సమర్థతకూ దెబ్బ తగలదు. సరిహద్దు మండలాల్లో ఇలాంటి చావులకు లెక్కలో చోటే లేదు.

ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, పారిశుధ్య కార్మికులు ఇల్లిల్లూ తిరిగారు. 2020 నవంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచమంతా చదివింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది రోగులతో కలిసిన 5,75,071 మందిని వెతికి పట్టుకున్న వివరాలతో రాసింది. అంత పెద్ద స్థాయి కాంటాక్ట్ ట్రేసింగ్ అప్పటికి చాలా తక్కువ చోట్ల జరిగింది. మన రాష్ట్రం చేసింది కాబట్టి గర్వపడదాం. కానీ ఆ లక్షల ఇళ్ల తలుపులు తట్టింది ఎవరు? గౌరవ వేతనం మీద బతికే ఆడవాళ్లు. కాలువలు ఊడ్చింది, బ్లీచింగ్ చల్లింది, శవాలు మోసింది ఎవరు? ఆ పనిలో ఏ కులాలవాళ్లు ఉంటారో అందరికీ తెలుసు. సమర్థత పట్టికలో ఈ శ్రమ ‘తక్కువ ఖర్చు’ అనే పేరుతో కనిపిస్తుంది. చవకైన దళిత శ్రమ దేశానికి మార్కులు తెచ్చిపెడుతుంది.

పెట్టుబడి తక్కువైందని చెప్పినవాళ్లకు ఏం జరిగిందో కూడా లెక్కలో లేదు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన దళిత వైద్యుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడారు. సస్పెండ్ అయ్యారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టి తీసుకుపోయిన దృశ్యాలు దేశమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తర్వాత, 2021 మేలో ఆయన చనిపోయారు. 2020 జూలైలో చీరాలలో మాస్కు విషయమై పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు గాయాలతో చనిపోయాడు. పోలీసులు కొట్టడం వల్లనే అని కుటుంబం చెప్పింది. మాస్కు లేదని చెప్పిన దళితుడికి ఒక శిక్ష, మాస్కు పెట్టుకోలేదని దళితుడికి ఇంకో శిక్ష. కఠినత సూచీలో 100 మార్కులకు నేల మీద ఉన్న అర్థాల్లో ఇదొకటి.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. రెండు నెలల తర్వాత, జూలై 20న, ఆక్సిజన్ కొరతతో ప్రత్యేకంగా మరణాలు జరిగినట్టు రాష్ట్రాలు నివేదించలేదని కేంద్రం రాజ్యసభలో చెప్పింది. రాయలసీమకంతా పెద్ద దిక్కైన ఆసుపత్రిలో జరిగిన చావులే పార్లమెంటు దాకా చేరలేదు. తనకల్లు వాడలో జరిగిన చావు ఎక్కడికి చేరుతుంది?

కులం ఉన్నచోటు, లేనిచోటు

వైరస్‌కు కులం లేదు అనే మాట 2020లో చాలామంది అన్నారు. వైరస్‌కు లేదు, నిజమే. ఇంటికి ఉంది, గదుల సంఖ్యకు ఉంది, నీళ్ల కుళాయికి ఉంది, చేసే పనికి ఉంది. అందుకే చావుకూ ఉంది.

దీనికి రుజువు వందేళ్ల కిందటిది. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో బొంబాయి నగరంలో మరణాల రేటును సమూహాల వారీగా రాసిపెట్టారు. వెయ్యి మందికి యూరోపియన్లలో 8.3, పార్శీలలో 9, ముస్లింలలో 19.2, సవర్ణ హిందువులలో 18.9. ‘నిమ్నకుల’ హిందువులు అని రాసిన వరసలో 61.6. మూడు రెట్లకు పైన. మన మీద ప్రేమతో కాదు, వలస పాలకులు తమ అవసరానికి రాసుకున్నారు. అయినా రాశారు కాబట్టి ఈరోజు మనకు తెలుసు. వందేళ్ల తర్వాత, స్వతంత్ర రిపబ్లిక్‌లో, కంప్యూటర్లు చేతిలో ఉండగా, ఆ వరస మాయమైంది.

అమెరికాలో నల్లజాతివాళ్లు, లాటినోలు, ఆదివాసులు తెల్లవాళ్ల కంటే ఎక్కువగా చనిపోతున్నారని 2020లోనే ప్రభుత్వ లెక్కలతో తేలింది. జాతి వారీగా లెక్కలు ఇవ్వాలని పౌర సంఘాలు, ఎంపీలు ఒత్తిడి తెచ్చారు కాబట్టి అవి వచ్చాయి. 2020 జూన్‌లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం నల్లజాతి, ఆసియా మూలాల ప్రజల మరణాల మీద నివేదిక ఇచ్చింది. మన మరణ నమోదు పత్రంలో మతం గడి ఉంది, వృత్తి గడి ఉంది. కులం గడి లేదు. టీకా కోసం కోవిన్‌లో వయసు, లింగం, గుర్తింపు కార్డు అడిగారు. ఏ వాడకు టీకా ఎప్పుడు చేరిందో చెప్పే వివరం లేదు.

అయితే కులం వివరం ప్రభుత్వం దగ్గర లేదా? బ్రహ్మాండంగా ఉంది. సెకండ్ వేవ్ మొదలవుతున్న రోజుల్లోనే, 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ఉపాధి హామీ కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ముక్కలుగా విడగొట్టి చెల్లించమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఒకే మస్టర్‌లో, ఒకే గుంత తవ్విన కూలీలకు వేర్వేరు రోజుల్లో డబ్బు పడింది. కూలీల మధ్య గొడవలు వచ్చాయి. నిరసనలు రావడంతో అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. అంటే 2021 వేసవిలో కూలి డబ్బు దగ్గర మన కులం కంప్యూటర్‌కు తెలుసు. చావు దగ్గర తెలియదు. కూలి ఆలస్యం చేయడానికి పనికొచ్చిన వివరం ప్రాణం లెక్కించడానికి పనికిరాలేదు.

2024 జూలైలో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ ఖాళీని కొంత పూరించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని ఇళ్ల వివరాలతో 2019ని 2020తో పోల్చింది. ఆయుర్దాయం దేశంలో సగటున 2.6 ఏళ్లు తగ్గింది. సవర్ణ హిందువుల్లో తగ్గింది 1.3 ఏళ్లు. ఎస్సీల్లో 2.7, ఎస్టీల్లో 4.1, ముస్లింలలో 5.4 ఏళ్లు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువ తగ్గింది. అసలే తక్కువ బతికేవాళ్ల దగ్గర నుంచే ఎక్కువ ఏళ్లు పోయాయి. కేంద్ర ఆరోగ్య శాఖ ఈ అంచనాలనూ తోసిపుచ్చింది. ఇది సెకండ్ వేవ్‌కు ముందు ఏడాది లెక్క అని గుర్తుంచుకోవాలి.

ఈ అధ్యయనం 14 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకే పరిమితం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ సర్వే 2019లోనే ముగిసింది కాబట్టి అవి ఇందులో లేవు. అంటే తెలుగు నేల మీద ఏ కులంవాళ్లు ఎంతమంది పోయారో చెప్పే అంచనా ఇందులోనూ దొరకదు.

సగటు ఎలా దాచిపెడుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. 50 వేల జనాభా ఉన్న మండలం అనుకుందాం. 10 వేల మంది దళితులు, ఆదివాసులు. వెయ్యికి ఏడుగురు చొప్పున మామూలు ఏడాదిలో 350 చావులు, అందులో దళిత ఆదివాసులవి 70. మహమ్మారి ఏడాది మొత్తం 420కి పెరిగింది. అంటే 20 శాతం ఎక్కువ. పెద్ద ప్రమాదం కాదులే అనిపిస్తుంది. విడదీసి చూడండి. మిగతావారిలో 280 నుంచి 308కి పెరిగింది, అది 10 శాతం. వాడల్లో, తండాల్లో 70 నుంచి 112కి పెరిగింది, అది 60 శాతం. మండలానికి వచ్చిన మార్కు ఒకటే. లోపల రెండు మహమ్మారులు.

మాకు ఎదురైన అభ్యంతరాలు

ఈ వాదన చెప్పినప్పుడు మిత్రుల నుంచే రెండు ప్రశ్నలు వస్తుంటాయి. మొదటిది, రోగాన్ని కులంతో జోడిస్తే మళ్లీ మనవాళ్ల మీదే మచ్చ పడదా? 2020లో తబ్లీగీ జమాత్ పేరుతో ముస్లింల మీద జరిగిన ప్రచారం చూశాం కాబట్టి ఈ భయం న్యాయమైనదే. అందుకే మేము అడుగుతున్నది రోజువారీ కేసుల పక్కన కులం రాయమని కాదు. పేర్లు తీసేసి, మండలం లేదా జిల్లా స్థాయిలో, మరణాల రేట్లను సామాజిక వర్గాల వారీగా ప్రచురించమని. ఎవరి నుంచి జబ్బు వచ్చింది అనే ప్రశ్న మచ్చ వేస్తుంది. ఎవరికి వైద్యం అందలేదు అనే ప్రశ్న ప్రభుత్వాన్ని బోనెక్కిస్తుంది. రెండూ ఒకటి కాదు.

రెండో ప్రశ్న, చనిపోయినవాళ్లు తిరిగి వస్తారా, ఇప్పుడు లెక్కలు ఎందుకు? లెక్క లేకపోతే తదుపరి ప్రణాళికలో పడక ఎక్కడ వేయాలి, అంబులెన్స్ ఎక్కడ నిలపాలి అనేది సగటు చూసి నిర్ణయిస్తారు. సగటు ఎప్పుడూ రోడ్డు పక్క ఊరి వైపే మొగ్గుతుంది. పైగా 50 వేలు అందని కుటుంబాలకు ఇది గతం కాదు.

కింది నుంచి కొలత

ఈ పని ఎలా చేయాలో నేర్చుకోవడానికి మనం జెనీవా పోనక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది ఇదే అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంతోపాటే సామాజిక తనిఖీ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని ఒక ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టి దేశానికి చూపింది. మస్టర్ రోల్‌ను గ్రామసభలో గట్టిగా చదివి, ఈ పేరుగల మనిషి ఈ పని చేశాడా, డబ్బు అందిందా అని అడిగే పద్ధతి అది. చనిపోయినవాళ్ల పేరున కూలి ఎత్తిన బాగోతాలు అలాగే బయటపడ్డాయి.

అదే పద్ధతిని తిప్పి వాడాలి. చనిపోయినవాళ్ల పేర్లే లెక్కలో లేని బాగోతం ఇది. తనకల్లులో గానీ, ఇంకే మండలంలో గానీ, పని ఇలా మొదలుపెట్టవచ్చు:

2018 నుంచి 2022 దాకా ఊరి మరణాల రిజిస్టరు నెలల వారీగా సమాచార హక్కు చట్టం కింద తీసుకోవాలి. మరణాల రిజిస్టరులో కులం ఉండదు కాబట్టి, ఉపాధి జాబ్‌కార్డుల జాబితా, పింఛన్ల జాబితా పక్కన పెట్టి వాడల వారీగా విడదీయాలి. పింఛను ఏ నెలలో ‘మరణం’ కారణంగా ఆగిందో ఆ జాబితా చెబుతుంది, అది చాలాసార్లు రిజిస్టరు కంటే నమ్మదగింది. తర్వాత ఎక్స్‌గ్రేషియా దరఖాస్తుల్లో ఎన్ని వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో అని అడగాలి. చివరగా గ్రామసభలో, వాడలో, తండాలో ఆ పేర్లు చదవాలి. కుటుంబం ఒప్పుకుంటేనే చదవాలి. ఎవరి పేరు లేదో వాళ్లే చెబుతారు.

విద్యార్థులకు ఒక మాట. పరిశోధన అంశం వెతుక్కుంటున్నవాళ్లు దేశాల సమర్థత మీద మరో పట్టిక వేయడం కంటే ఒక మండలం రిజిస్టరు మీద ఆరు నెలలు కూర్చోండి. డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ నేర్చుకోండి, తప్పదు. కానీ అందులో వేసే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నేలమీదకు దిగి చూడండి.

కార్యకర్తలకు, సంఘాలకు మూడు డిమాండ్లు. ఒకటి, మరణ నమోదు పత్రంలో సామాజిక వర్గం గడి చేర్చాలి. జనగణనలో కులం వస్తుందంటే జనాభా లెక్క దొరుకుతుంది. చావుల లెక్క లేకుండా ఆ జనాభా లెక్కతో రేటు కట్టలేం. రెండూ కలిసి రావాలి. రెండు, ఆంధ్రప్రదేశ్ 2024 జనవరిలో చేపట్టిన కులగణన వివరాలను మండలాల వారీగా ప్రచురించి, 2020-21 నమోదు మరణాలతో కలిపి పరిశీలించే కమిటీ వేయాలి. మూడు, పరీక్ష కాగితం లేదన్న కారణంతో తిరస్కరించిన పరిహారం దరఖాస్తులను గ్రామసభ సాక్ష్యంతో మళ్లీ విచారించాలి.

మహమ్మారి ఒప్పందంలో సమానత్వం అనే మాట దేశాల మధ్య టీకాల పంపకం చుట్టూ తిరుగుతుంది. అది అవసరమే. కానీ దేశం లోపల ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ ఒప్పందం కొలవదు. ఆ కొలత మనమే తయారుచేసుకోవాలి. ఒక దేశం సమర్థమైనదా కాదా అని అడిగేవాళ్లకు మా జవాబు ఎదురు ప్రశ్నే. ఎవరిని కాపాడటంలో?